ఇంకొక్క జామీను

బోర్లించిన పడవ పక్కన మోకాళ్ళ మీద కూచుని లుబ్వామా పలకల సందుల్లో దూది కూరుతున్నాడు. దూదిని అరచేతుల మధ్య తాడులా పేని, సందు పొడవునా పరిచి, మొండి ఉలి ఆనించి సుత్తితో తడుతూ పోవాలి. గట్టిగా కొడితే పలక చీలుతుంది. మెత్తగా కొడితే పడవ నీళ్ళలోకి దిగిన రోజే దూది ఊడి తేలుతుంది. పొద్దుటినుంచీ అదే పని. ఆ పడవ కట్టించుకుంటున్న మనిషి ప్రస్తుతానికి వద్దని కబురు పంపాడు. కారణం చెప్పలేదు. లుబ్వామా అడగనూ లేదు. చేతులు ఊరుకోక కూరుతున్నాడు.

సరస్సు ఒడ్డున కసెంజె రేవు ఎప్పటిలాగే ఉంది. రాత్రి వేటకి పోయిన పడవలు ఒడ్డుకి చేరాయి. కంపాలా వెళ్ళే చేపల లారీ వెనక్కి వెనక్కి వస్తోంది. ఆడవాళ్ళు ఇసుకలో వలలు పరిచి చిట్టిచేపలు ఎండబోస్తున్నారు. బుట్టలు మోసే జనానికి దారి మాత్రం కాస్త మారింది. ఇదివరకు అతని పాక నీడలోంచి నడిచేవాళ్ళు. ఇప్పుడు నీటి అంచు వెంబడి, చీలమండలు తడుపుకుంటూ, పాకకి దూరంగా తిరిగి పోతున్నారు.

లాయరమ్మ నకిర్యా మోటార్ సైకిల్ వెనక కూచుని పట్నంనుంచి వచ్చింది. పట్టుమని ముప్పై ఏళ్ళుండవు. బూట్లలో ఇసుక దూరకుండా మునివేళ్ళ మీద నడుస్తూ పాకలోకొచ్చి, పలకల మీద కూచుంది.

"గురువారం కోర్టన్నా. బెయిలుకి ఇద్దరు జామీనుదార్లు కావాలంటారు. భర్తగా మీరు ఒకరు. ఇంకొక్కరు కావాలి. సొంత ఇల్లో వ్యాపారమో ఉండాలి, ఈ ఊరి మనిషై ఉండాలి. వాడ చైర్మన్ దగ్గర ఉత్తరం తీసుకుని గుర్తింపు కార్డు పట్టుకొస్తే చాలు."

"చాలు," అన్నాడు లుబ్వామా.

"దొరుకుతారు కదా?"

"ఇక్కడున్న పడవల్లో సగం నేను కట్టినవే."

అది జవాబు కాదని ఆమెకి తెలిసింది. బూటు విప్పి ఇసుక దులుపుకుని లేచింది. "గురువారం పొద్దున్నే రండి. ఆలస్యమైతే ఇంకో వాయిదా వేస్తారు. ఆవిడ గొంతు బాగా పోయింది. లోపల దగ్గుతోంది," అని చెప్పి వెళ్ళిపోయింది.

అతని భార్య నల్వోగా పట్నంలోని చిన్న రేడియోలో సాయంత్రం పూట రేవుల కబుర్లు చెబుతుంది. ఏ రేవులో చేప ఏ ధర, ఎక్కడ గాలి లేచింది, ఎవరి వల పోయింది. క్రితం నెల సరస్సు మీద కాపలా తిరిగే సిపాయిలు కసెంజెకి వచ్చి, కురచ పడవలు చట్టానికి విరుద్ధమంటూ ఒడ్డునే తగలబెట్టారు. తప్పించుకోబోయిన ఇద్దరు జాలర్లు తరుముతుంటే నీళ్ళలో మునిగిపోయారు. నల్వోగా ఆ ఇద్దరి పేర్లూ, వాళ్ళ తల్లుల పేర్లూ రేడియోలో చదివింది. మర్నాడూ చదివింది. మూడోనాడు చదవబోతుండగా స్టూడియోలోంచే పట్టుకుపోయారు. ప్రజల్లో ద్వేషం రెచ్చగొట్టిందని కేసు.

మధ్యాహ్నం లుబ్వామా చొక్కా మార్చుకుని కయోండో ఇంటికి వెళ్ళాడు. కయోండోకి ఆరు పడవలున్నాయి. ఆరూ లుబ్వామా కట్టినవే. లుబ్వామా పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకుగా నిలబడ్డదీ కయోండోనే. ఎప్పుడెళ్ళినా లోపల సోఫాలో కూచోబెట్టేవాడు. ఈసారి వాకిట్లోకి కుర్చీ తెప్పించాడు. అదీ దారికి వీపు పెట్టి.

"టీ తాగు," అన్నాడు. తాగేదాకా కప్పు వైపే చూస్తూ కూచున్నాడు. తర్వాత తనే అన్నాడు, "ఎందుకొచ్చావో నాకు తెలుసు. నువ్వు అడగొద్దు, నేను కాదనొద్దు."

"ఒక్క సంతకం కయోండో."

"నా పడవల లైసెన్సులు ఈ నెలాఖరుకి అయిపోతున్నాయి. మళ్ళీ ఇవ్వాల్సింది ఎవరు? వాళ్ళే. ఆరు పడవలు, ఒక్కో దాని మీద నలుగురు. నన్ను తిట్టుకో. తిట్టుకుంటే నాకూ కాస్త తేలిగ్గా ఉంటుంది."

లుబ్వామా తిట్టలేదు. కప్పు కింద పెట్టాడు. "మూడో పడవకి అడుగున పగులొచ్చిందన్నావు కదా. వీలు చూసుకుని తీసుకురా," అన్నాడు.

"తీసుకొస్తా," అన్నాడు కయోండో. తీసుకురాడని ఇద్దరికీ తెలుసు.

తిరిగొస్తుంటే టీ కొట్టు దగ్గర కూచున్న వలలవాళ్ళు పలకరించారు.

"ఏమయ్యా, ఇంట్లో ప్రశాంతంగా ఉందా?"

"స్విచ్చెక్కడుందో చూసుకోకుండా రేడియోని పెళ్ళి చేసుకున్నాడు పాపం!"

"సర్కారోళ్ళు వెతికి కట్టేశార్లే."

నవ్వారు. చెడ్డవాళ్ళు కారు. మునిగిపోయిన వాళ్ళలో ఒకడు వాళ్ళ జట్టువాడే. నవ్వు అయిపోయాక ఎవరూ అతని ముఖంలోకి చూడలేదు. కొట్టువాడు మాత్రం గ్లాసు కడుగుతూ, "తిన్నావా?" అని అడిగాడు. తిన్నానని చెప్పి లుబ్వామా నడిచిపోయాడు. తినలేదు.

మర్నాడు కొండ మీది పల్లెకి, నల్వోగా అన్న సెంకుంగు దగ్గరికి వెళ్ళాడు. సెంకుంగు బడిపంతులు. చెల్లెలి మాట ఎత్తగానే తలుపు మూశాడు. మూసి, కిటికీ కూడా మూశాడు.

"బావా, నేను సర్కారు జీతం తింటున్నవాణ్ణి. నిన్న హెడ్మాస్టరు పిలిచి, రేడియో ఆవిడ మీకేమవుతుందని అడిగారు."

"ఏం చెప్పావు?"

సెంకుంగు వెనక తలుపు తీశాడు. పెరట్లోకి పోయి కత్తి తెచ్చి, చెట్లకున్న అరటి గెలల్లో అన్నిటికంటే పెద్దది కొట్టాడు. కారుతున్న పాలు గడ్డితో తుడిచి, ఎండుటాకు చుట్ట చేసి లుబ్వామా భుజం మీద పెట్టి, దాని మీద గెల ఎక్కించాడు. "దానికి ఈ రకం ఇష్టం. వండి పట్టుకెళ్ళు," అన్నాడు. "నేనిచ్చానని చెప్పు. పోనీ చెప్పకు. నీ ఇష్టం."

కొండ దిగుతున్నంతసేపూ గెల భుజాన్ని నొక్కుతూనే ఉంది. రెండుసార్లు దించి మళ్ళీ ఎత్తుకున్నాడు. ఇంటికొచ్చి గడప దగ్గర దించితే, ఆ చప్పుడుకి ఇల్లంతా ఖాళీగా మోగింది. పిల్లల్లేని ఇల్లు. ఉన్న ఒక్క గొంతూ ఇప్పుడు లేదు. ఆ సాయంత్రం రేడియో పెడితే ఆమె కార్యక్రమం వేళకి పాటలు వేస్తున్నారు. చివరిదాకా విన్నాడు. ఆమె మాట్లాడే రోజుల్లో సగంలోనే లేచి పనిముట్లు సర్దుకోడానికి వెళ్ళిపోయేవాడు.

బుధవారం అరటికాయలు ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించి, పల్లీల పులుసు కాచి జైలుకి తీసుకెళ్ళాడు. తెచ్చినవాళ్ళు ముందు తిని చూపిస్తేగాని లోపలికి పంపరు. వార్డరమ్మ ఎదుట నిలబడి ముద్ద తిన్నాడు, పులుసు తాగాడు. జాలీ అవతలినుంచి నల్వోగా చూస్తోంది. జుట్టు గొరిగేశారు. పసుపు జైలు బట్టల్లో చిన్నదైపోయింది.

"ఉప్పెక్కువైంది కదా?" అంది.

"నీకెలా తెలుసు?"

"నీ ముఖం చూస్తే తెలీదా." నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక అడిగింది, "రెండో జామీను ఎవరు?"

లుబ్వామా జాలీ మీద వేలు పెట్టి తుప్పు గీకుతున్నాడు. "కయోండో," అన్నాడు.

"నిజమా!" ఆమె ముఖం వెలిగింది. "పిరికివాడనుకున్నా. చూశావా, మనుషుల గురించి ముందే అనుకోకూడదు. వాళ్ళావిడకి నేను చుట్టుకునే పచ్చ గుడ్డ ఇవ్వు, అడుగుతూ ఉండేది."

"ఇస్తా."

వార్డరమ్మ గడియారం చూసుకుంది. నల్వోగా జాలీకి దగ్గరగా వచ్చింది. "ఒక్క మాట అడుగుతా, కోప్పడకు. పడవలు తగలబెట్టిన రోజు రేవులో నువ్వూ ఉన్నావు. అందులో నువ్వు కట్టినవే ఎక్కువ. నా పక్కన కూచుని, నువ్వు చూసింది మైకులో చెప్పమంటే గోడవైపు తిరిగి పడుకున్నావు. ఎందుకు?"

"మనిద్దర్లో ఒకరైనా బయట ఉండాలనుకున్నా."

"ఉన్నావుగా," అంది మెల్లగా. "బయట ఎలా ఉంది?"

టైమైపోయిందని వార్డరమ్మ ఆమెని లోపలికి తీసుకుపోయింది.

పొద్దు వాలుతుండగా పాకలో ఒక్కడే కూచుని, డబ్బాలో తారు గడ్డల్ని పుల్లతో కెలుకుతున్నాడు. పొయ్యి వెలిగించలేదు. తెల్లారితే కోర్టు. వాకిట్లో నీడ పడితే తలెత్తాడు. నబుకాలు.

రేవులో నబుకాలుని తెలియనివాళ్ళు లేరు. ఐసు బండీ, కాటా, రెండు గదుల మిద్దె ఉన్న చేపల వ్యాపారి. లావుపాటి మనిషి. ఎంత ఎండలోనైనా భుజాలు పొడుచుకొచ్చే గోమెసి గౌను తొడిగి, నడుముకి పట్టీ బిగించి తిరుగుతుంది. సిపాయిలు జాలర్ల దగ్గర లాక్కున్న చేపల్ని నబుకాలు కొంటోందని నల్వోగా కొన్ని నెలల కిందట రేడియోలో పేరు పెట్టి చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్ళు రేవులో ఆడవాళ్ళు ఆమెకి తక్కెడ అందించడం కూడా మానేశారు.

తిట్టడానికొచ్చిందనుకుని లుబ్వామా లేచి నిలబడ్డాడు.

"కూచో," అంది. తను మాత్రం బోర్లించిన పడవ మీద ఆనుకుని నిలబడింది. "నీకు మనిషి దొరకలేదట."

"లేదు."

"కయోండో?"

"లేదు."

"ఆవిడ అన్న?"

లుబ్వామా తల అడ్డంగా ఊపాడు.

"చైర్మన్ దగ్గర్నించే వస్తున్నా. ఉత్తరం ఇచ్చాడు. ఇవ్వక చస్తాడా, ఏడాదిగా నా దగ్గర చేప అప్పు తింటున్నాడు." నడుము పట్టీలోంచి మడిచిన కాగితం తీసి చూపించి మళ్ళీ దోపుకుంది. "పొద్దున ఎన్నింటికి బండి?"

లుబ్వామా పుల్ల డబ్బాలో వదిలేశాడు. "ఎందుకు?" అన్నాడు.

"మీ ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. కొన్నాను. కానీ చెప్పింది సగమే. నా దగ్గరికి రాలేదు, నన్నడగలేదు. సిపాయిలు తుపాకీ కాటా మీద పెట్టి, ఇంతకి తీసుకో అంటారు. ఒకసారి వద్దన్నా. ఐసు బండి ఆపేసి, ఐసంతా నీళ్ళయ్యేదాకా ఎండలో నిలబెట్టారు. ఆ మిగతా సగం ఎవరు చెబుతారు? నేను చెబితే దొంగ మాటంటారు. ఆవిడ చెబితే నమ్ముతారు. చెప్పాలంటే ముందు బయటికి రావాలిగా." చేత్తో దూది సందుని తడిమి చూసింది. "నీ మీద ప్రేమతో వచ్చాననుకోకు. నీ పెళ్ళాం మీద నాకింకా కోపంగానే ఉంది."

"సరే," అన్నాడు లుబ్వామా. కళ్ళు తుడుచుకోబోయి, చేతికి తారు ఉందని గుర్తొచ్చి ఆగిపోయాడు.

కోర్టు హాల్లో ఫ్యాను తిరగడం లేదు. నబుకాలు బోనెక్కితే చెక్క కిర్రుమంది. మెజిస్ట్రేటు కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"నిందితురాలు మీకేమవుతుంది?"

"ఏమీ కాదండి."

"స్నేహితురాలా?"

"అస్సలు కాదండి. రేడియోలో నా పరువు తీసింది."

హాల్లో నవ్వులు. సర్కారు వకీలు లేచి, ఇది కోర్టుని ఎగతాళి చేయడమేనన్నాడు.

"మరెందుకు పూచీ పడుతున్నారు?"

"పరువు తీసినప్పుడు కూడా పారిపోలేదండి. మర్నాడు అదే దారిలో, నా కొట్టు ముందునుంచే నడిచి పోయింది. పారిపోయే మనిషి కాదు. జామీనంటే అదేగా?"

నిందితుల బల్ల మీద కూచున్న నల్వోగా, నబుకాలు పేరు పిలిచినప్పుడే తలెత్తింది. ముందు నబుకాలుని చూసింది. తర్వాత హాలంతా వెతికింది. కయోండో కోసమని లుబ్వామాకి తెలుసు. చివరికి ఆమె చూపు అతని దగ్గరికొచ్చి ఆగింది. లుబ్వామా తల దించుకున్నాడు.

బెయిలు ఇచ్చారు. మళ్ళీ వాయిదా ఇరవయ్యో తారీకున. సంతకాలూ వేలిముద్రలూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంకో కేసు పనుందని నకిర్యా లోపలే ఆగిపోయింది. ముగ్గురూ మెట్లు దిగారు. నబుకాలు రెండడుగులు ముందు, విసురుగా. నల్వోగా భర్త మోచెయ్యి పట్టుకుంది. ఎండకి కళ్ళు చికిలించుకుంటోంది.

"కయోండోకి ఒంట్లో బాలేదా?"

"బానే ఉన్నాడు."

ఆమె నాలుగడుగులు వేసింది. "నాకోసం అబద్ధమాడావన్నమాట," అంది. కోపం లేదు గొంతులో. "పచ్చ గుడ్డ ఇచ్చేశావా?"

"లేదు."

"ఇవ్వకు. అది ఈవిడకి..."

మాట పూర్తి కాలేదు. గేటు పక్కన ఆగున్న వ్యాను తలుపు జరిగింది. నంబరు పలక లేదు. మామూలు చొక్కాల్లో నలుగురు. లుబ్వామాని ఛాతీ మీద తోస్తే గోడకి గుద్దుకున్నాడు. నబుకాలు తిరిగి చూసేసరికి నల్వోగా కాళ్ళు నేల మీద లేవు. ఆమె కేకలు పెట్టలేదు. ఆ పోయిన గొంతుతోనే, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "నేను నల్వోగాని. కసెంజె రేవుదాన్ని. నాకు బెయిలొచ్చింది. నన్ను తీసుకుపోతున్నారు." రెండోసారి మొదలుపెట్టేలోపు తలుపు మూసుకుంది.

గేటు ముందు నిలబడ్డ మోటార్ సైకిల్ కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు బండ్లు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. పళ్ళమ్మే ఆవిడ గొడుగు ముడిచింది. అంత జనం ఎటు పోయారో తెలీలేదు.

పోలీస్ స్టేషన్‌లో బల్ల వెనక కూచున్న అధికారి అంతా ఓపిగ్గా విన్నాడు. మర్యాదస్తుడు. ఇద్దరికీ కుర్చీలు చూపించాడు.

"మా దగ్గర లేదు. కోర్టు వదిలేసింది కదా, మాకేం పని?"

"మా కళ్ళముందే తీసుకెళ్ళారు," అన్నాడు లుబ్వామా.

"ఎవరు?"

"మీవాళ్ళు."

"యూనిఫారం ఉందా? లేదు. బండి నంబరు? లేదు. లేనివాళ్ళ మీద, లేని నంబరు మీద ఏం రాయమంటావయ్యా?" బెయిలు కాగితం అందుకుని చదివాడు. చదువుతూ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "పూచీ పడ్డది మీరిద్దరేగా. ఇరవయ్యో తారీకున ఆవిణ్ణి కోర్టులో నిలబెట్టాల్సింది మీరు. నిలబెట్టకపోతే మీరు లోపలికెళతారు. అంటే, ఆవిడెక్కడుందో నేను మిమ్మల్నడగాలి. చెప్పండి. ఎక్కడ దాచారు?"

లుబ్వామాకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నబుకాలు వైపు చూశాడు.

అధికారి తెల్లకాగితం ఒకటి బల్ల మీద పెట్టి, దాని మీద పెన్ను పెట్టాడు. "మీరు మంచివాళ్ళని తెలుస్తూనే ఉంది. ఆవిడ మీకు చెప్పకుండా పారిపోయిందని రాసివ్వండి. పూచీ రద్దయ్యేలా నేను చూస్తా. అమ్మా, వ్యాపారం చేసుకునేదానివి, నీకెందుకిదంతా?"

పెన్ను నబుకాలు వైపుంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. పై పెదవి మీద చెమట పట్టింది.

"నువ్వు రాసుకో అక్కా," అన్నాడు లుబ్వామా. "నేనేమీ అనుకోను."

"నువ్వనుకోవు. రేవులోనూ ఎవరూ ఏమీ అనుకోరు. మనకున్న రోగమే అది." పెన్ను వేలితో వెనక్కి నెట్టింది. "సార్, మనిషిని ఎత్తుకుపోవడం కళ్ళారా చూసి, పారిపోయిందని రాయడం నాకు చేతకాదు. చేప తూకంలో అయితే కొంచెం అటూ ఇటూ చేస్తా."

అధికారి కాగితం సొరుగులో పెట్టుకున్నాడు. బయట కూచోమన్నాడు.

వరండాలో పొడవాటి బల్ల. కాసేపయ్యాక నబుకాలు లేచింది. "చేపకి ఐసు వెయ్యాలి. నేను లేకపోతే చేపంతా కుళ్ళిపోతుంది. దోవలో లాయరమ్మకి చెప్పి పోతా. పొద్దున్నే లారీ పంపి వచ్చేస్తా," అంది. రెండడుగులు వేసి ఆగింది. "వస్తా. రాననుకోకు."

"అనుకోను," అన్నాడు.

ఆమె గేటు దాటేదాకా చూసి, ఒక్కడే కూచున్నాడు. బల్ల చివర ఇంకొకావిడ ఉంది, ముసలావిడ. ఒళ్ళో అన్నం క్యారేజీ. అలవాటైన చోట కూచున్నట్టు కాళ్ళు చాపుకుని కూచుంది.

"ఎవరికోసం?" అని అడిగి చెవి అతని వైపు తిప్పింది.

"మా ఆవిడకోసం."

మామూలుగా అయితే లుబ్వామా అక్కడితో ఆగిపోయేవాడు. ఆవిడ తల ఊపింది. "నేను మా అబ్బాయి కోసం. ఎన్నికల ముందు గోడల మీద కాగితాలంటించాడు. అప్పట్నించీ వస్తున్నా. మొదట్లో అందరూ ఏమైందని అడిగేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ అడగరు."

వరండా మీద ఎండ పల్చబడింది. లోపల ఎవరో టైపు కొడుతున్నారు.

"ఏమైందమ్మా?" అన్నాడు లుబ్వామా.

ఆవిడ చెప్పింది. చాలాసేపే చెప్పింది. వాడు తొడుక్కున్న చొక్కా, వాడు సగం తిని వదిలేసిన కంచం, తలుపు తట్టినవాడు ఆవిణ్ణి అమ్మా అని పిలవడం. అతను మధ్యలో లేవలేదు. అయిపోయాక ఆవిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుని అతని వైపు వంగింది. "నాకు వినికిడి తక్కువ నాయనా. గట్టిగా చెప్పు. మీ ఆవిడకేమైంది?"

"మా ఆవిడ పేరు నల్వోగా," అన్నాడు. తర్వాత రేవులో పడవలు తగలబడ్డ పొద్దు దగ్గర మొదలుపెట్టాడు. ఏ పడవ ఎవరిది, ఎవరు పెట్రోలు పోశారు, ఎవరు నీళ్ళలోకి దూకారు, ఒడ్డున ఎవరెవరు నిలబడి చూశారు, అందులో తనెక్కడ నిలబడ్డాడు. టైపు చప్పుడు ఆగింది. కానిస్టేబులు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"ఏయ్, గొంతు తగ్గించు."

లుబ్వామా అతని వైపు చూశాడు. "ఈవిడకి వినపడదండీ," అని చెప్పి, బల్ల మీద ముసలావిడకి దగ్గరగా జరిగి, ఇంకాస్త గట్టిగా చెప్పసాగాడు.